ఎస్ఎస్‌డీ, హార్డ్ డిస్క్ కలిపినా లైనక్స్ స్లోగానే ఉందా? ఎక్కడ చూడాలో చెప్తాను

దిల్‌సుఖ్‌నగర్‌లో పెళ్లి వీడియోలు ఎడిట్ చేసే మా బామ్మర్ది పోయిన నెల ఫోన్ చేశాడు. "బావా, ఎస్ఎస్‌డీ వేసినా ఏం ఫరక్ పడలే." సికింద్రాబాద్‌లో కంప్యూటర్ షాపులుండే సీటీసీకి వెళ్లి 500 జీబీ ఎస్ఎస్‌డీ తెచ్చుకుని, ఉన్న 4 టీబీ హార్డ్ డిస్క్‌తో కలిపి ఒకే బీటీఆర్‌ఎఫ్‌ఎస్ (చాలా డిస్కుల్ని ఒకటిగా చూపగల లైనక్స్ ఫైల్‌సిస్టమ్) చేసేశాడు, ఇక స్పీడ్ దానంతట అదే వస్తుందనుకున్నాడు. చాలామంది ఇక్కడే పొరబడుతున్నారు. రెండు డిస్కులు ఒక ఫైల్‌సిస్టమ్‌లో ఉండటం వేరు, ఏ డేటా ఎక్కడ పెట్టాలో చూసుకునేవాళ్లు ఉండటం వేరు.

సమస్య: ఎస్ఎస్‌డీ ఖాళీగా ఉంది, పనంతా హార్డ్ డిస్క్ మీదే

ముందు బీటీఆర్‌ఎఫ్‌ఎస్ డివైస్ యూసేజ్ కమాండ్ కొట్టి ఏ డిస్కులో ఎంత ఉందో చూడండి. మావాడి మెషీన్‌లో హార్డ్ డిస్క్ కింద 2 టీబీ పైచిలుకు డేటా కనిపించింది, ఎస్ఎస్‌డీ కింద డేటా అనే వరుసే లేదు, మెటాడేటా (ఏ ఫైలు ఎక్కడుందో చెప్పే లెక్క) ఒక 3 జీబీ ఉందంతే. కారణం చాలా సింపుల్. సింగిల్ ప్రొఫైల్‌లో, అంటే డేటాకి ఒకే కాపీ ఉంచే పద్ధతిలో, బీటీఆర్‌ఎఫ్‌ఎస్ కొత్త చంక్ (డేటా కోసం ఒకేసారి తీసుకునే పెద్ద ముక్క) కావాలన్నప్పుడల్లా ఏ డిస్కులో ఖాళీ ఎక్కువ ఉంటే దానికే వెళ్తుంది, ఏది ఫాస్ట్ అన్నది చూడదు. అంటే 4 టీబీ డిస్కులో ఖాళీ 500 జీబీకి దిగేదాకా, దాదాపు 3.5 టీబీ రాసేదాకా, డేటా ఎస్ఎస్‌డీ గడప తొక్కదు. ఎల్వీఎంలో (డిస్కుల్ని కలిపి వాల్యూమ్‌లుగా పంచుకునే లైనక్స్ పద్ధతి) రెండు డిస్కులు వరసగా జోడించినా ఇదే బాధ, అక్కడ ఏ డిస్క్ ముందుంటే దాని అదృష్టం.

దీనికి పరిష్కారం: ఎస్ఎస్‌డీని అందులోంచి తీసేయండి. మెటాడేటా రెయిడ్1లో (రెండు డిస్కుల్లో ఒక్కో కాపీ) ఉంటే ముందు బ్యాలెన్స్ కమాండ్‌తో డూప్‌కి (ఒకే డిస్కులో రెండు కాపీలు) మార్చాలి, లేకపోతే రెండు డిస్కుల కంటే తగ్గడానికి అది ఒప్పుకోదు. ఆ తర్వాత డివైస్ రిమూవ్. ఇక క్యాష్, అంటే తరచూ వాడే డేటాని ఎస్ఎస్‌డీలో ఉంచే ఏర్పాటు, కావాలంటే ఎల్వీఎం క్యాష్ గానీ, 2013లో 3.10 కెర్నల్‌తో వచ్చిన బీక్యాష్ గానీ పెట్టుకోవచ్చు. ఎల్వీఎం లేకుండా నేరుగా డేటా పెట్టిన డిస్క్ మీద ఇవి మామూలుగా అలా తగిలించేవి కావు, డిస్క్ కొత్తగా తయారుచేసుకోవాలి, కాబట్టి బ్యాకప్ లేకుండా మొదలుపెట్టకండి, దయచేసి. ఎల్వీఎంలో వాల్యూమ్‌లు చేసేటప్పుడు ఏది ఏ డిస్క్ మీద ఉండాలో పేరు పెట్టి చెప్పండి. చెప్పకపోతే దానికి తోచిన చోట పెడుతుంది.

సమస్య: క్యాష్ పెట్టాను, పెద్ద ఫైళ్లు మాత్రం పాత స్పీడే

ఇది చెడిపోవడం కాదు. బీక్యాష్ వరసగా సాగే రీడ్, రైట్ 4 ఎంబీ దాటితే ఎస్ఎస్‌డీని పక్కనపెట్టి నేరుగా హార్డ్ డిస్క్‌కి పంపుతుంది, సీక్వెన్షియల్ కటాఫ్ అనే సెట్టింగ్ అదే. దాన్ని 0 చేస్తే ఆ పరిమితి పోతుంది, కానీ ఒక్క పెళ్లి ఫుటేజీ వచ్చి రోజూ వాడే చిన్న ఫైళ్లన్నిటినీ క్యాష్‌లోంచి తోసేస్తుంది, అందుకే నేను మార్చొద్దనే అంటాను. ఎల్వీఎం క్యాష్ అయితే మళ్లీమళ్లీ అడిగే బ్లాకులనే పైకి తెస్తుంది, మొదటి రోజే టెస్ట్ చేసి తీసేయకండి, నాలుగు రోజులు మామూలుగా పని చేసుకుని అప్పుడు రీడ్ హిట్స్ (ఎస్ఎస్‌డీలోనే దొరికిన రీడ్‌ల లెక్క) చూడండి.

సమస్య: రెయిడ్1 చేస్తే ఒకసారి ఫాస్ట్, ఒకసారి స్లో

బీటీఆర్‌ఎఫ్‌ఎస్ డిఫాల్ట్‌గా ప్రాసెస్ నంబర్‌ని బట్టి ఏ కాపీ చదవాలో ఎంచుకుంటుంది, అందుకే ఒకే ఫైలు ఒక ప్రోగ్రాంకి చకచకా వస్తుంది, ఇంకోదానికి నత్తనడకే. దాని బదులు లైనక్స్‌లోనే ఉండే ఎండీ రెయిడ్‌ వాడి, హార్డ్ డిస్క్‌కి రైట్ మోస్ట్‌లీ (ఎక్కువగా రాయడానికే) అనే గుర్తు పెడితే చదవడం ఎస్ఎస్‌డీ నుంచే జరుగుతుంది.

సమస్య: కరెంటు పోయి వచ్చాక ఫైల్‌సిస్టమ్ మౌంట్ కావడం లేదు

ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రం గాలిదుమారం లేచిందంటే మనకు కరెంటు గ్యారంటీ లేదు. కరెంటు పోయినా తట్టుకునేలానే బీక్యాష్‌ని తయారుచేశారు. అసలు ప్రమాదం రైట్‌బ్యాక్ మోడ్‌లో (ముందు ఎస్ఎస్‌డీలో రాసి, తర్వాత హార్డ్ డిస్క్‌కి పంపే పద్ధతి) ఉండగా ఎస్ఎస్‌డీ కనపడకుండా పోవడం. హార్డ్ డిస్క్‌కి ఇంకా చేరని డేటా అందులోనే ఉంటుంది, అది లేకుండా బీక్యాష్ డివైసే రాదు. రన్నింగ్ అనే ఫైల్‌లో 1 రాసి బలవంతంగా లేపమనే సలహాలు కనిపిస్తాయి. స్టేట్ డర్టీ అని ఉంటే, అంటే హార్డ్ డిస్క్‌కి చేరని డేటా ఇంకా ఉంటే, ఆ పని చేయొద్దు, ఫైల్‌సిస్టమ్ మధ్యలో చిల్లులు పడతాయి. ముందు మెషీన్ పూర్తిగా ఆపి, కేబుల్ తీసి పెట్టి, ఎస్ఎస్‌డీ బయోస్‌లో కనపడుతుందో లేదో చూడండి. కనపడితే మామూలుగా లేపి, మోడ్ రైట్‌త్రూకి (రాసింది వెంటనే హార్డ్ డిస్క్‌కీ చేరే పద్ధతి) మార్చి, స్టేట్ క్లీన్ అయ్యేదాకా ఆగండి. యూపీఎస్ లేని ఇంట్లో మొదటి నుంచీ రైట్‌త్రూనే ఉంచుకోండి, రాసేటప్పుడు స్పీడ్ పెరగదు గానీ ఎస్ఎస్‌డీ పోయినా డేటా మొత్తం హార్డ్ డిస్క్‌లో ఉంటుంది.

ఉబుంటు, డెబియన్‌లో ఎల్వీఎం క్యాష్ బూట్‌లో లేవకుండా క్యాష్ చెక్ అనే ప్రోగ్రాం దొరకలేదని ఎర్రర్ వస్తే థిన్ ప్రొవిజనింగ్ టూల్స్ ప్యాకేజీ వేయండి.

బీక్యాష్ఎఫ్ఎస్ అనే కొత్త ఫైల్‌సిస్టమ్ సంగతి అడుగుతారు. ఈ పని కోసమే పుట్టినట్టుంటుంది, కొత్త డేటా ఎస్ఎస్‌డీకి, పాతది మెల్లగా హార్డ్ డిస్క్‌కి పంపమని దానికే చెప్పొచ్చు. కానీ 2024 జనవరిలో 6.7 కెర్నల్‌తో వచ్చింది, 6.18కి మెయిన్ కెర్నల్‌లోంచి తీసేశారు, ఇప్పుడు విడిగా మాడ్యూల్ వేసుకోవాలి. ఇంకొకరి పెళ్లి వీడియో, మళ్లీ తీయలేనిది, దాని మీద పెట్టడానికి నాకు మనసొప్పలేదు.

మావాడికి చివరికి క్యాష్ కూడా పెట్టలేదు. ఎస్ఎస్‌డీని విడిగా ఎక్స్‌టీ4 (లైనక్స్‌లో మామూలుగా వాడే ఫైల్‌సిస్టమ్) చేసి ప్రాజెక్ట్ ఫైళ్లు, ప్రాక్సీలు (ఎడిటింగ్ కోసం చేసుకునే చిన్న సైజు కాపీలు) అందులో ఉంచి, పాత ఫోల్డర్లోకే సిమ్‌లింక్ (అసలు చోటికి దారి చూపే షార్ట్‌కట్) ఇచ్చాను. టైమ్‌లైన్ జరుపుతుంటే ఇప్పుడు ఆగడం లేదు.