మళ్ళీ కీటో – 3వ పాఠం: రెండోసారి మొదటి వారం

కీటో అంటే కార్బ్స్ (అన్నం, రొట్టె, చక్కెరల్లో ఉండే పిండిపదార్థాలు) బాగా తగ్గించే తిండి పద్ధతి. దానితో ఒకసారి తగ్గి, మళ్ళీ పెరిగినవాళ్ళ కోసం ఈ పాఠాలు. గత పాఠంలో ఇచ్చిన పని చేసినవాళ్ళ దగ్గర ఇప్పుడు మూడు రోజుల తిండి లెక్క ఉండాలి. ఏం తిన్నారు, ఎన్ని గ్రాములు, ఏ పూట. లేకపోతే ఈ పాఠం పక్కన పెట్టి ముందు అది రాయండి. పోయిన బరువు ఏ దారిన తిరిగొచ్చిందో తెలియకుండా మొదలుపెడితే మళ్ళీ అదే దారిన వస్తుంది.

ఇంకో మాట. షుగరుకు ఇన్సులిన్ గానీ గ్లిమెపిరైడ్ గానీ వాడేవాళ్ళు డాక్టరుతో మోతాదు మాట్లాడకుండా కార్బ్స్ తగ్గిస్తే షుగరు ప్రమాదకరంగా పడిపోవచ్చు. డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ రకం షుగరు మాత్రలతో చిక్కు వేరు: మీటరులో షుగరు మామూలుగానే కనిపిస్తుంటే లోపల కీటోఅసిడోసిస్ (రక్తం ఆమ్లంగా మారే ప్రమాదకర స్థితి) రావచ్చు. బీపీ మాత్రలు వేసుకునేవాళ్ళు కూడా ముందే డాక్టరుతో మాట్లాడాలి. గర్భిణులు, పాలిచ్చే తల్లులు, టైప్ 1 షుగరు, కిడ్నీ జబ్బు, పాంక్రియాటైటిస్ (క్లోమగ్రంథి వాపు) ఉన్నవాళ్ళు సొంతంగా చేయకూడదు. మొదటిసారి ఏమీ కాలేదుగా అంటారా? ఈ మధ్యలో మీ మందులు మారి ఉండవచ్చు.

పెరిగింది ఎంత, అందులో నీళ్ళెంత

కాలేయంలో, కండరాల్లో గ్లైకోజెన్ (ఒళ్ళు దాచుకునే చక్కెర నిల్వ) 400–500 గ్రాముల దాకా నిల్వ ఉంటుంది. ఒక్కో గ్రాము తనతోపాటు సుమారు 3 గ్రాముల నీళ్ళు పట్టి ఉంచుతుంది. కీటో మానేసి అన్నం మొదలెట్టిన వారంలోనే బరువు 2 కిలోలు పెరగడానికి ఇదే ముఖ్య కారణం. రెండు రోజుల పెళ్ళి భోజనాలతో 2 కిలోల కొవ్వు పెరగాలంటే ఖర్చుకు పైన సుమారు 15,000 కేలరీలు తినాలి. అంత తినలేం. కాబట్టి 6 కిలోలు తిరిగొచ్చాయంటే అందులో నాలుగు కొవ్వు, మిగతాది నీళ్ళు అనుకుని మొదలుపెట్టండి. తొలి వారంలో తగ్గే రెండు కిలోలను చూసి మురిసిపోవద్దు, రెండో వారం అరకిలోనే తగ్గిందని డీలా పడొద్దు. ఆ అరకిలోనే అసలు లెక్క.

ఈసారి కొవ్వు తాగొద్దు

తెలుగునాట చాలామందికి కీటో పరిచయమైంది వీరమాచనేని రామకృష్ణ పద్ధతితో: రోజుకు 70–100 గ్రాముల కొవ్వు, 4 లీటర్ల నీళ్ళు, 3 నిమ్మకాయలు, 2 మల్టీవిటమిన్ మాత్రలు. అప్పుడు కొబ్బరినూనె తాగి తగ్గినవాళ్ళు ఇప్పుడూ సీసా తీస్తారు. కానీ అప్పటి ఒళ్ళు వేరు. అప్పటికంటే 10 కిలోలు తేలికైన శరీరం ఊరికే కూర్చున్నా రోజుకు సుమారు 100 కేలరీలు తక్కువ ఖర్చు చేస్తుంది. కదలికకయ్యే ఖర్చూ తగ్గుతుంది. పాత కొలతే పెట్టుకుంటే ఒంట్లో ఉన్న కొవ్వు కరిగే అవసరమే రాదు. కార్బ్స్‌కు హద్దు ఉంది, ప్రొటీన్ తప్పనిసరి, కొవ్వు మాత్రం ఆకలిని బట్టి. విడిగా తాగే నూనె, బటర్ కాఫీ వద్దు.

75 కిలోలున్న, 65కు రావాలనుకునే మహిళ లెక్క చూద్దాం. ప్రొటీన్ చేరాల్సిన బరువుకు కిలోకు 1.3 గ్రాములు, అంటే 85. నికర కార్బ్స్ 20–25, అంటే మొత్తంలోంచి పీచు తీసేశాక మిగిలింది. పొద్దున మూడు గుడ్ల ఆమ్లెట్. మధ్యాహ్నం పచ్చిగా తూచిన 200 గ్రాముల చికెన్‌తో కూర, 150 గ్రాముల బీరకాయ. రాత్రి 100 గ్రాముల పనీర్, 150 గ్రాముల క్యాబేజీ. మధ్యలో 15 బాదం. రోజు మొత్తానికి నూనె, నెయ్యి కలిపి మూడు పెద్ద చెంచాలు. ప్రొటీన్ దాదాపు సరిపోతుంది, కార్బ్స్ 22 చుట్టూ ఉంటాయి, కేలరీలు 1,250–1,300. సాయంత్రానికి నిజంగా ఆకలేస్తే ఇంకో గుడ్డు తినండి. గుడ్డు తినే శాకాహారులు చికెన్ బదులు పనీర్ 200 గ్రాములు చేసి, 30 గ్రాముల మీల్ మేకర్ కలుపుకోవాలి. ఇందులో నికర కార్బ్స్ 6 దాకా ఉంటాయి కనుక ఆ రోజు కూరల్లో ఉల్లిపాయ తగ్గించండి.

కార్బ్స్ దూరేది కూరల్లోంచే

అన్నం మానేసినా బరువు కదలడం లేదంటే ముందుగా కూర గిన్నె చూడాలి. నలుగురికి వండే కిలో చికెన్‌లో 300 గ్రాముల ఉల్లిపాయ పడితే నికరంగా 22 గ్రాముల కార్బ్స్, మీ వాటా 5–6. చేపల పులుసులో నిమ్మకాయంత చింతపండు, అంటే 30 గ్రాములు, వేస్తే దాదాపు 18; మీ వాటా నాలుగున్నర. ఈ రెండూ ఒకే రోజు తింటే, ఒక్క మెతుకు ముట్టకుండానే సగం కోటా పోయింది. పులుపుకు టమాటా (100 గ్రాములకు నికరంగా 3 లోపు), గోంగూర, నిమ్మరసం వాడండి. ఉల్లిపాయను సగానికి తగ్గించి గ్రేవీ చిక్కదనానికి గసగసాలు, పచ్చికొబ్బరి వేయొచ్చు. జీడిపప్పు ముద్ద వద్దు, 100 గ్రాములకు నికరంగా 27.

ఇంకో దొంగదారి జొన్నరొట్టె. చిరుధాన్యాలు ఆరోగ్యానికి మంచివే, కీటోకు మాత్రం కావు. 50 గ్రాముల జొన్నపిండితో చేసిన ఒక్క రొట్టెలో 35 గ్రాముల దాకా కార్బ్స్ ఉంటాయి. రాగి సంకటి, కొర్రన్నం కూడా ఇదే దారి. షుగర్ ఫ్రీ బిస్కెట్ల పొట్లం మీద మాల్టిటాల్ (చక్కెర బదులు వేసే తీపి) అని ఉంటే కొనకండి, అది షుగరు పెంచుతుంది. పాల టీ 200 మిల్లీలీటర్లు తాగితే, చక్కెర లేకపోయినా పాలను బట్టి 5–10 గ్రాములు పోతాయి.

రెండో రోజు తలనొప్పి

కార్బ్స్ తగ్గగానే ఇన్సులిన్ తగ్గుతుంది, కిడ్నీలు సోడియంను బయటికి పంపేస్తాయి. తల పట్టేయడం, లేచి నిలబడితే కళ్ళు తిరగడం, రాత్రి పిక్కలు పట్టేయడం ఎక్కువగా అందుకే. దీనికి చాలామంది చేసే వైద్యం ఇంకా నీళ్ళు తాగడం. ఉప్పు లేకుండా లీటర్లకు లీటర్లు పోస్తే ఉన్న సోడియం ఇంకా పలచబడుతుంది. వంటలో ఉప్పు కాక అదనంగా టీస్పూన్ (సుమారు 2 గ్రాముల సోడియం) తీసుకుని సగం ఉదయం నిమ్మరసంలో, సగం సాయంత్రం మటన్ ఎముకల సూప్‌లోనో పలచటి మజ్జిగలోనో కలపండి. రెండు చెంచాల పెరుగుతో చేసినదే మజ్జిగ, గ్లాసు పెరుగు చిలికింది కాదు. బీపీ, గుండె జబ్బు ఉన్నవాళ్ళు ఈ ఉప్పు డాక్టరు ఒప్పుకుంటేనే. తలనొప్పి గంటలో తగ్గితే కారణం ఉప్పు తక్కువవడమే కావచ్చు. తగ్గకపోతే కాఫీ ఒక్కసారిగా మానేశారేమో చూడండి.

మూత్రంలో కీటోన్లను (కొవ్వు కరిగినప్పుడు పుట్టే పదార్థాలను) చూపే స్ట్రిప్ మూడు, నాలుగు రోజుల్లో గులాబీ రంగు తిరగాలి. ఎంత ముదురు రంగైతే అంత కొవ్వు కరుగుతోందనుకోవద్దు. నీళ్ళు తక్కువ తాగినా రంగు ముదురుతుంది, కొన్ని వారాలయ్యాక కీటోసిస్‌లో (ఒళ్ళు కొవ్వుతో నడిచే స్థితిలో) ఉన్నా వెలిసిపోవచ్చు. మొదటి వారం దాటాక స్ట్రిప్స్ కొనడం డబ్బు దండగ.

ఈ వారం పని: రోజూ వండే కూరల్లో మూడింటిని ఎంచుకోండి. ఉల్లిపాయ, చింతపండు, నూనె, కొబ్బరి వేసే ముందు విడివిడిగా తూచి, మీ వాటాకు ఎన్ని కార్బ్స్ వస్తాయో కాగితం మీద రాసి ఫ్రిజ్ తలుపుకు అంటించండి. నడుము కొలత బొడ్డు దగ్గర, పొద్దున పరగడుపున, ఒకటో రోజు, ఏడో రోజు. ఆ అంకెలతోనే 4వ పాఠం మొదలవుతుంది: శ్రావణమాసం పేరంటాలు, ఊరి ప్రయాణాలు, ఆఫీసు క్యాంటీన్.