కారు గీతలకు తగిన ప్యాడ్, తగిన కాంపౌండ్

ముందుగా కారును కడిగి, ఆరబెట్టి, గీతకు అడ్డంగా గోటిని నడపండి. గోరు తట్టుకొని ఆగితే గీత బాగా లోతుకు దిగిందని అర్థం. దానిని పాలిష్‌తో పోగొట్టాలని చూడకుండా పెయింటర్‌కు అప్పగించడమే మేలు.

పెయింట్ మీద ఉండే పారదర్శక పై పొర అయిన క్లియర్ కోట్ మందం సాధారణంగా 40 నుంచి 50 మైక్రాన్లే ఉంటుంది కాబట్టి, ఎప్పుడూ మెత్తని ఫోమ్ ప్యాడ్, సన్నని రేణువుల పాలిష్‌తో ఒక జానెడు చోట పరీక్షించి, గీత పోకపోతేనే తీవ్రత పెంచాలి. అప్పుడు కూడా పాలిష్‌ను అలాగే ఉంచి, ముందు ప్యాడ్‌ను మాత్రం గట్టి ఫోమ్‌కు మార్చి చూడటం నా దృష్టిలో ఉత్తమం. చాలాసార్లు అంతటితోనే పని పూర్తవుతుంది. అప్పటికీ లొంగని గీతలకే మైక్రోఫైబర్ లేదా ఉన్ని ప్యాడ్‌తో కటింగ్ కాంపౌండ్ (పాలిష్ కన్నా గరుకైన రేణువులుండే పేస్ట్) వాడాలి. ఈ జత వదిలే మసకను, ముఖ్యంగా నల్ల కార్లపై, మెత్తని ప్యాడ్, ఫినిషింగ్ పాలిష్‌తో తొలగించాలి.

ప్యాడ్ ఎంత గట్టిదో సూచించే రంగులు కంపెనీకో తీరుగా ఉంటాయి గనుక రంగును నమ్మవద్దు. కాంపౌండ్ వాడిన ప్యాడ్‌పై పాలిష్ వేయకండి. మిగిలిన గరుకు రేణువులు కొత్త గీతలు పెడతాయి. ఎండలో, వేడెక్కిన బానెట్‌పై ఈ పని చేయకూడదు. అంచుల వద్ద పొర పలచగా ఉంటుంది కాబట్టి అక్కడ టేపు అతికించండి. చివరగా నీళ్లు కలిపిన ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, టార్చి వెలుగులో చూస్తే, పాలిష్ నూనె కింద దాగిన గీతలు బయటపడతాయి.