1/25 స్కేలు ఫన్నీ కారు: అంగుళానికి ఒక మిల్లీమీటరు

1/25 స్కేలులో లెక్క తేలిక. అసలు కారు మీద అంగుళం ఉన్నది మోడల్ మీద ఒక మిల్లీమీటరు. కచ్చితంగా చెప్పాలంటే 1.016, ఆ తేడా కంటికి ఆనదు. డ్రాగ్ రేసు కార్లు కట్టేటప్పుడు ఈ లెక్క అడుగడుగునా పనికొస్తుంది. మామూలు కారు కిట్లో బానెట్ మూసేస్తే ఇంజన్లో చేసిన తప్పులు దాగిపోతాయి. ఫన్నీ కారులో, అంటే చూపుకు మామూలు కారులా ఉండే డ్రాగ్ రేసు కారులో, ఆ వీలు లేదు. బాడీ అంతా ఒకే డొప్ప. వెనక ఉన్న కీలు మీద అది పైకి లేస్తే గొట్టాల ఫ్రేము, ఇంజను, సీటు, ఇంధనం పైపులు అన్నీ బయటపడతాయి. తీగ కాస్త లావైనా, రంగు కాస్త మందమైనా చూడగానే బొమ్మ అని తెలిసిపోతుంది.

ఇక్కడ ఉదాహరణగా 1970 నాటి కారును తీసుకుందాం. ఆ ఏడాది మ్యాటెల్ కంపెనీ హాట్ వీల్స్ పేరుతో డాన్ ప్రుధోమ్ పసుపు ప్లిమత్ బారకూడాకీ, టామ్ మెక్యూన్ ఎర్ర డస్టర్‌కీ స్పాన్సర్‌గా నిలిచింది. ప్రుధోమ్ స్నేక్, మెక్యూన్ మంగూస్ అని అమెరికా డ్రాగ్ రేసింగ్ అభిమానులందరికీ తెలిసిన జంట ఇది. పసుపు, ఎరుపు రెండూ మోడలర్‌ను ఏడిపించే రంగులే. పసుపు వేయడం వస్తే మిగతావి కష్టం కాదు.

జిగురు ముట్టుకోకముందు

కిట్ ముక్కలన్నీ అవి అతుక్కుని వచ్చే ప్లాస్టిక్ చట్రాల మీద ఉండగానే గోరువెచ్చని నీళ్లలో రెండు చుక్కల గిన్నెల సబ్బు వేసి పాత టూత్‌బ్రష్‌తో కడగండి. అచ్చులోంచి సులువుగా ఊడిరావడానికి వాడిన జిడ్డు మిగిలితే ప్రైమర్ (రంగుకు ముందు వేసే అడుగు పూత) అక్కడక్కడ పట్టదు.

కిట్‌తో వచ్చే క్రోమ్ ముక్కల్లో చక్రాల రిమ్ములు తప్ప మిగతావాటికి ఆ పూత తీసేయడమే మంచిది. అంత మెరుపు ఏ రేసు ఇంజనుకూ ఉండదు, పైగా క్రోమ్ మీద జిగురు పట్టదు. బట్టల బ్లీచ్‌లో నానబెడితే మెరుపు కరిగిపోతుంది. గ్లవ్స్ వేసుకోండి, కిటికీ తెరవండి, ఆ గిన్నెలో మరే క్లీనర్నీ కలపకండి. టాయిలెట్ క్లీనర్ లాంటి యాసిడ్ తగిలితే క్లోరిన్ వాయువు వస్తుంది. మెరుపు పోయాక అడుగున పసుపుపచ్చని లక్కలాంటి పొర మిగిలితే బాగా కడిగి, ఆరబెట్టి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో వేసి బ్రష్‌తో రుద్దండి.

చాలామంది తొందరపడి దాటేసే పని ఒకటుంది. రంగు వేయకముందే ఫ్రేము, ఇంజను, చక్రాలు టేపుతో నిలబెట్టి మీద బాడీ పెట్టి చూడాలి. ఇంజెక్టర్ టోపీ (ఇంజను మీద గాలి లోపలికి పోయే మూతి) బాడీ కన్నంలోంచి తగలకుండా పైకి వస్తోందా, వెనక స్లిక్ టైర్లు (గాడులు లేని నున్నటి రేసు టైర్లు) ఫెండర్‌కు రాసుకుంటున్నాయా అన్నది ఇప్పుడే తేలాలి. మూడు రకాల పూతలు పడ్డాక ఆ సందు ఇంకా తగ్గుతుంది. మెరిసే బాడీని అప్పుడు ఆకురాయితో రాయాల్సి వస్తే పెయింట్ పని మళ్లీ మొదటికే వస్తుంది.

ఇంజను

ఈ కార్లలో ఉండే క్రైస్లర్ హెమీ ఇంజనుకు స్పార్క్ ప్లగ్గులు వాల్వ్ కవర్ మధ్యలో వరసగా, పక్కకు నాలుగు ఉంటాయి. అసలు ప్లగ్ వైరు మందం 8 మి.మీ. అంటే మోడల్‌కు 0.32 మి.మీ. కావాలి. విదేశీ హాబీ వైరు కోసం వెతకనక్కర్లేదు. మోటారు వైండింగ్ షాపులో 30 గేజి రాగి తీగ అడగండి. అది 0.315 మి.మీ. ఉంటుంది. నాలుగు మూరలు ఊరికే ఇచ్చినా ఇస్తారు.

మాగ్నెటో (ప్లగ్గులకు కరెంటు పంపే పరికరం) మూత మీదా, వాల్వ్ కవర్ల మీదా ముందు సూదితో గుంట చేసి, 0.4 మి.మీ. బిట్‌తో చేతి డ్రిల్లు పెట్టి రంధ్రాలు చేయండి. గుంట లేకపోతే బిట్ జారుతుంది, నొక్కితే విరుగుతుంది. తీగను ముందు వంచి, ఆ తర్వాతే రంగు వేయాలి. రంగు వేసి వంచితే మలుపు దగ్గర పెచ్చు లేచి రాగి కనబడుతుంది. డ్రైవర్ ఎడమ వైపు ముందు నుంచి వెనక్కి 1, 3, 5, 7 సిలిండర్లు, కుడి వైపు 2, 4, 6, 8. ఫైరింగ్ ఆర్డర్, అంటే సిలిండర్లు మండే వరస, 1-8-4-3-6-5-7-2. మాగ్నెటో మూత చుట్టూ వైర్లు ఈ వరసలో వస్తాయి. దీన్ని గమనించేవాళ్లు తక్కువే, కానీ ఆ తక్కువమందే పోటీల్లో జడ్జీలుగా కూర్చుంటారు. ఇప్పటి ఫన్నీ కార్లకు రెండు మాగ్నెటోలు, పదహారు ప్లగ్గులు. కొత్త కారు ఫొటో చూసి పాత కారుకు వైర్లు పెట్టకండి.

అంగుళం లావున్న ఇంధనం గొట్టానికి 1 మి.మీ. టంకం తీగ సరిపోతుంది. ఎటు వంచితే అటు నిలుస్తుంది, వెండి రంగు ఎలాగూ దానిదే. బాగా పల్చన చేసిన నల్ల రంగు (వాష్) పూస్తే అల్లిక గొట్టంలా కనిపిస్తుంది. కొసల్లో వెండి మీద పారదర్శక ఎరుపు, నీలం చుక్కలు పెడితే ఫిట్టింగులు తయారు.

పైకి వంగిన పొగ గొట్టాలు కిట్లో మూసుకుపోయి ఉంటాయి. వీటిని తొలవకుండా వదిలేసిన మోడల్‌కు మిగతా పనితనమంతా వృథా. ముందు 0.8, తర్వాత 1.5 మి.మీ. బిట్‌తో తొలిచి, లోపల నలుపు వేయండి.

ఫ్రేము

ఫ్రేమును గాజు పలక మీద అతికించండి. జిగురు పూర్తిగా బిగుసుకోకముందే నాలుగు చక్రాలూ పెట్టి చూడండి. ఒక్క చక్రం గాల్లో ఉన్నా ఇప్పుడు వేలితో సరిచేయొచ్చు, రేపు కుదరదు.

పసుపు రంగు

పసుపు కింద ఏముంటే అది కనిపిస్తుంది. బూడిద రంగు ప్రైమర్ మీద వేస్తే ఆకుపచ్చ ఛాయ వస్తుంది. పొరలు పెంచితే డోరు గీతలు పూడిపోతాయి. అందుకే రంగు వేయకముందే ఆ గీతల్ని కత్తి వీపుతో రెండుమూడుసార్లు లోతు చేసుకోవాలి. బూడిద ప్రైమర్‌తో గీతలు, గుంటలు పట్టుకుని, 800 వాటర్ పేపర్‌తో తడిపి రుద్ది, మీద తెల్ల ప్రైమర్ వేయండి. వెచ్చని పసుపు కావాలంటే తెలుపు మీద లేత గులాబీ పొర ఒకటి. ఎర్ర డస్టర్‌కైతే ఈ గులాబీ ఇంకా బాగా పనిచేస్తుంది. కిట్ ప్లాస్టిక్కే ఎరుపైతే అందులోని రంగు తెలుపులోంచి కూడా పైకి ఊరుతుంది. అప్పుడు ప్రైమర్ల మధ్య ఒక వెండి పొర అడ్డం వేయాలి.

హాబీ రంగుల స్ప్రే డబ్బాలు విమానంలో రావు కాబట్టి మన దగ్గర దొరకడం కష్టం, ధర కూడా ఎక్కువే. ఎయిర్‌బ్రష్ (గాలితో రంగు చిమ్మే చిన్న పరికరం) ఉంటే దారి సులువు. 0.3 మి.మీ. నాజిల్, 15 నుంచి 20 పీఎస్ఐ గాలి, లాకర్ రంగు ఒక వంతుకు ఆ కంపెనీ థిన్నరే ఒకటిన్నర నుంచి రెండు వంతులు. హార్డ్‌వేర్ షాపు ఎన్‌సీ థిన్నర్ బ్రష్షులు కడగడానికే. ప్లాస్టిక్ మీద పడితే ఉపరితలం కరిగి సన్నని పగుళ్లు వస్తాయి.

మొదటి రెండు పొరలూ పలచగా, కింది రంగు కనబడుతుండగానే ఆపాలి. పది, పదిహేను నిమిషాల తర్వాత ఒక తడి పొర. రంగు కారితే తుడవద్దు. రెండు రోజులు ఆరనిచ్చి 1500 పేపర్‌తో ఆ గడ్డ ఒక్కటే రుద్దండి. వానాకాలం గాలిలో తేమ 70 శాతం దాటితే లాకర్ మీద తెల్లటి మంచు పడుతుంది. ఆ రోజు పని మానుకోవడమే ఉత్తమం. ఎండాకాలం మధ్యాహ్నం ఇంకో బాధ. చుక్క బాడీని చేరేలోపే ఆరి గరుకుగా పడుతుంది. నెమ్మదిగా ఆరే లెవెలింగ్ థిన్నర్ వాడండి, లేదా తెల్లవారుజామున వేయండి. మాస్క్ ఏ కాలంలోనైనా తప్పదు. దుమ్ము మాస్క్ కాదు, రసాయన ఆవిరిని పీల్చే కార్ట్రిడ్జ్ ఉన్నది.

చారలకు టేపు వేశాక, అంచు మీద ముందు పసుపే మరో పలచని పొర వేయండి. ఊరేది ఏదైనా ఉంటే అదే రంగు ఊరుతుంది. చార అంచు శుభ్రంగా వస్తుంది.

డెకాల్స్, క్లియర్

బాగా మెరిసే ఉపరితలం మీదే డెకాల్ (నీళ్లలో నానబెట్టి అతికించే పల్చటి బొమ్మ) అతకాలి. గరుకుదనం మీద వేస్తే కింద గాలి చిక్కుకుని వెండిలా మెరుస్తుంది. మెత్తబరిచే ద్రావణం రాసినప్పుడు డెకాల్ ముడతలు పడితే కంగారుపడి ముట్టుకోకండి. ఆరుతూ అదే సర్దుకుంటుంది. ఒక రోజంతా ఆరనిచ్చి, తడిగుడ్డతో జిగురు మరకలు తుడిచి, క్లియర్ లాకర్‌ను (రంగులేని పైపూతను) ముందు తుంపరలాగే వేయండి. మొదటి పొరే తడిగా పడితే డెకాల్ కరిగి ముడుచుకుపోతుంది. పాత కిట్ల డెకాల్స్‌నైతే ముందు పనికిరాని ముక్కతో పరీక్షించండి. వారం తర్వాత 2000 పేపర్, ఆపై పాలిష్. అంచుల దగ్గర చేయి తేలిగ్గా ఉండాలి, రంగు ముందు తేలిపోయేది అక్కడే.

చివరి బిగింపు

అద్దాలకు ఫెవిక్విక్ వాడితే ఆవిరికి తెల్లగా మసకబారతాయి. ఫెవికాల్ చాలు. భుజం బెల్టు అసలు వెడల్పు మూడు అంగుళాలు కాబట్టి మాస్కింగ్ టేపును 3 మి.మీ. పట్టీలుగా కోసి రంగు వేయండి. స్లిక్ టైర్ల మధ్యనున్న అచ్చు గీతను 320 పేపర్‌తో రుద్దితే అదీ పోతుంది, అనవసరపు మెరుపూ పోతుంది.

మెత్తటి వినైల్ టైర్లలోంచి ఊరే నూనె కాలక్రమంలో రిమ్ము ప్లాస్టిక్‌ను కరిగిస్తుంది. టైరు తొడిగే ముందు రిమ్ము అంచు చుట్టూ పల్చటి అల్యూమినియం ఫాయిల్ చుట్టండి. కారును అద్దాల పెట్టెలో పెట్టేటప్పుడు టైర్ల కింద ప్లాస్టిక్ షీటు కాకుండా గాజు ముక్క ఉంచండి.