చింతగింజలతో మాయా లెక్క

అంకెలంటే టెన్షన్ పడే పిల్లలకు మన పాలమూరు ఇళ్లల్లో దొరికే వాటితోనే మాయా లెక్క, అంటే మాయా అనే ప్రాచీన ప్రజల అంకెల పద్ధతి, నేర్పొచ్చు. అరుగు మీద గుప్పెడు చింతగింజలు, నాలుగు చీపురుపుల్లలు, ఒక గవ్వ పెట్టుకోండి. గింజ అంటే 1, అడ్డంగా పెట్టిన పుల్ల 5, గవ్వ సున్నా. మెక్సికో, గ్వాటెమాలా అడవుల్లో మాయా ప్రజలు కూడా సున్నాకు గవ్వలాంటి గుర్తే వేసేవాళ్లు, నాకు భలే నచ్చేది ఇదే!

19 అంటే మూడు పుల్లలు, వాటిపైన నాలుగు గింజలు. 20 రాగానే పై వరుసకు ఎక్కాలి, కింద గవ్వ, పైన ఒక్క గింజ. పై వరుసలో గింజ విలువ 20 కాబట్టి 33కి పైన ఒక గింజ, కింద రెండు పుల్లలు, మూడు గింజలు. మూడో వరుసలో గింజ 400, కానీ తేదీల లెక్కలో మాత్రం 360. వరుసల మధ్య జానెడు ఖాళీ వదలండి, లేకపోతే గింజలు కలిసిపోతాయి.