డిస్కౌంట్ స్టోర్‌లో ఇంటి సామాను నిజంగా చవకగా కొనడం ఎలా?

సబ్బులు, వాషింగ్ లిక్విడ్, టిష్యూ రోల్స్, చెత్త సంచులు, బ్యాటరీలు, బల్బులు వంటి రోజువారీ సామాను కోసం డిస్కౌంట్ స్టోర్‌కు వెళ్లేవారిలో చాలామంది అరకు అంటించిన ఎర్ర అంకెను చూసి వస్తువును బుట్టలో వేసేస్తారు. ఆ అంకె ఎంత సరుకుకు వేసిందో చూడరు. బిల్లు చేతికి వచ్చాక ఆదా అయిందని సంతోషిస్తారు గాని, అదే డబ్బుకు మామూలు కొట్లో అంతకంటే ఎక్కువ సరుకు వచ్చి ఉండేదన్న సంగతి వారి దృష్టికి రాదు. ఏళ్ల తరబడి ఇంటి సామాను ఇలాంటి దుకాణాల్లోనే కొంటున్న నాకు, పక్కన నిలబడినవారు ఇదే పొరపాటు చేస్తుంటే చూస్తూ ఊరుకోవడం కష్టంగా ఉంటుంది. అందుకే పద్ధతి అంతా వరుసగా రాస్తున్నాను. ఇందులో కష్టమైన మెట్టు ఒక్కటే, అది యూనిట్ ధర లెక్క. మిగిలినవి తేలికైనవి కాబట్టి వాటిని త్వరగా ముగిస్తాను.

వెళ్లే ముందు

జాబితా, కాలిక్యులేటర్ ఉన్న ఫోన్, చిన్న నోటు పుస్తకం, రెండు గట్టి సంచులు ఉంటే చాలు. జాబితాను అలమరలు తెరిచి చూస్తూ రాయాలి. గుర్తున్నంత మేరకు రాస్తే ఇంట్లో ఉన్న వస్తువే మళ్లీ కొనుక్కొస్తారు. నోటు పుస్తకం కాగితానిదే కావాలి, ఎందుకంటే ఫోన్‌లో లెక్క వేస్తున్నప్పుడే పాత ధర కూడా కళ్ల ముందు ఉండాలి. దుకాణంలో తోపుడు బండి తీసుకోకూడదు, చేతి బుట్టే తీసుకోవాలి. బరువు చేతికి తెలుస్తున్నంతసేపు అనవసరమైన వస్తువు వైపు చేయి అంత సులువుగా పోదు. వారం మధ్యలో, ఉదయం పూట, రద్దీ లేనప్పుడు వెళ్లాలి. వెనుక నుంచి మనుషులు తోసుకుంటూ వెళ్తుంటే ఏ లేబులూ చదవలేము.

నోటు పుస్తకంలో మీ ఇంట్లో తరచూ అయిపోయే 15 లేదా 20 వస్తువుల పేర్లు రాసి, ప్రతి దాని ఎదురుగా మీరు మామూలుగా కొనే కొట్లో దాని పరిమాణం ఎంతో, ధర ఎంతో, 100 గ్రాములకో, లీటరుకో, ఒక్కొక్క దానికో ఎంత పడుతోందో రాసుకోవాలి. దీన్నే మూల ధర అనుకుందాం. ఈ పట్టిక లేకుండా డిస్కౌంట్ స్టోర్‌కు వెళ్లకండి. దుకాణంవారు గీత కొట్టి చూపించే పాత ధర వారు చెప్పిన అంకె, మీరు ఇంతకుముందు చెల్లించిన ధర కాదు. సగం తగ్గించామని రాసి ఉన్నప్పుడు ఆ సగం దేనిలో సగమో తేల్చగలిగేది మీ పుస్తకంలోని అంకె మాత్రమే.

అన్ని డిస్కౌంట్ స్టోర్లూ ఒకే రకానికి చెందవు. వస్తువులన్నీ ఒకే ధరకు అమ్మే దుకాణాలు ఒక రకం, మిగులు సరుకు అమ్మేవి ఇంకొక రకం, పెద్ద మోతాదుల్లో అమ్మే గిడ్డంగి దుకాణాలు మరొక రకం. ఒకే ధర దుకాణంలో అంకె మారదు కాబట్టి సరుకు పరిమాణం మారుతుంది. తయారీదారులు ఇలాంటి దుకాణాల కోసం ప్రత్యేకంగా చిన్న ప్యాకులు తయారు చేయడం మామూలే. పెద్ద సీసాతో పోలిస్తే అచ్చం అదే రూపంలో ఉన్నా లోపల సరుకు తక్కువ ఉంటుంది. గ్రీటింగ్ కార్డులు, చుట్టే కాగితం, హుక్కులు, డబ్బాల వంటి వాటికి ఆ దుకాణం మేలు, శుభ్రపరిచే ద్రవాలకూ పొడులకూ మాత్రం లెక్క వేయకుండా చేయి చాచకూడదు.

యూనిట్ ధర లెక్క

ధరను పరిమాణంతో భాగిస్తే యూనిట్ ధర వస్తుంది. చెప్పడానికి ఇంతే, ఐదో తరగతి పిల్లలు కూడా చేయగలరు. అయినా చేసేటప్పుడు తప్పులు జరిగేది భాగహారంలో కాదు, దేన్ని దేనితో భాగించాలో నిర్ణయించడంలో. ఇక్కడ తొందరపడినవారికి మిగతా మెట్లన్నీ సరిగ్గా చేసినా ప్రయోజనం ఉండదు.

ముందుగా సబ్బుల సంగతి చూద్దాం. ఒక ప్యాకులో 4 సబ్బులు ఉన్నాయి, ధర 120. పక్కనే ఉన్న ప్యాకులో 5 ఉన్నాయి, దాని మీద ఒకటి ఉచితం అని పెద్ద అక్షరాలతో రాసి ఉంది, ధర అదే 120. చూసినవారందరూ రెండోదే తీసుకుంటారు. ప్యాకును తిప్పి అడుగున ఉన్న చిన్న అక్షరాలు చదివితే మొదటి దానిలో ఒక్కొక్క సబ్బు 100 గ్రాములని, రెండో దానిలో 75 గ్రాములని తెలుస్తుంది. మొత్తం మీద 400 గ్రాములకూ 375 గ్రాములకూ ఒకే డబ్బు చెల్లిస్తున్నారు. 100 గ్రాములకు మొదటిది 30 పడితే రెండోది 32 పడుతుంది. ఉచితంగా వచ్చిందనుకున్న సబ్బుకు డబ్బు కట్టడమే గాక, పైన కొంత అదనంగా కూడా కట్టారన్నమాట. అందుచేత ఎన్ని ఉన్నాయన్న లెక్కను ఎప్పుడూ నమ్మకూడదు, నికర బరువు చదవాలి.

బరువు చదివినంత మాత్రాన పని పూర్తి కాదు. బట్టలు ఉతికే ద్రవాన్ని లీటరు ధరతో పోల్చడం చాలామంది చేసే తప్పు. ఒక డబ్బా 3 లీటర్లు, ధర 480 అనుకుందాం. లీటరుకు 160 పడింది. మరో సీసా 1.5 లీటర్లు, ధర 450, అంటే లీటరుకు 300. లీటరు లెక్కన చూస్తే రెండోది దాదాపు రెట్టింపు ఖరీదు. ఇప్పుడు రెండింటి వెనక భాగాన ఒక ఉతుకుకు ఎంత పోయాలో రాసిన చోటు చదవండి. మొదటి దానికి 75 మిల్లీలీటర్లు, గాఢత ఎక్కువ ఉన్న రెండోదానికి 30 మిల్లీలీటర్లు అని ఉంటే, మొదటి డబ్బా 40 ఉతుకులకు వస్తుంది, రెండో సీసా 50 ఉతుకులకు వస్తుంది. ఉతుకుకు మొదటిది 12, రెండోది 9. ఖరీదైనదిగా కనిపించిన చిన్న సీసా నిజానికి పావు వంతు చవక. నీళ్లు కలిపి వాడే వస్తువు ఏదైనా, అంటే నేల తుడిచే ద్రవం గాని, అంట్లు తోమే ద్రవం గాని, ఒక్కసారి వాడకానికి ఎంత పడుతుందో లెక్క వేసినప్పుడే పోలిక సరిపోతుంది. ఇంకొక జాగ్రత్త కూడా అవసరం. మూతలో గీత ఎక్కడ ఉందో చూడకుండా మూత నిండా పోసే అలవాటు ఇంట్లో ఉంటే ఈ లెక్క అంతా తలకిందులవుతుంది.

టిష్యూ రోల్స్ విషయంలో మోసపోవడం మరీ తేలిక, ఎందుకంటే రోల్ అన్నది కొలత కాదు. 12 రోల్స్ ఉన్న ప్యాకులో రోల్‌కు 160 షీట్లు ఉంటే మొత్తం 1920 షీట్లు వస్తాయి. 10 రోల్స్ ఉన్న ప్యాకులో రోల్‌కు 200 ఉంటే 2000 వస్తాయి. పెద్ద రోల్, మెగా రోల్ వంటి మాటలకు దుకాణాలన్నింటికీ వర్తించే అర్థం ఏదీ లేదు, ఒక్కొక్క కంపెనీ ఒక్కొక్క కొలతకు ఆ పేరు పెట్టుకుంటుంది. షీట్ల సంఖ్య చూశాక షీటు పొడవు వెడల్పులు, ఎన్ని పొరలో కూడా చూడాలి. పొరలు సమానంగా లేని రెండు రకాలను షీట్ల సంఖ్యతో పోల్చకూడదు. చెత్త సంచులకు సంఖ్యతో పాటు ఎన్ని లీటర్లు పడుతుందో, మందం ఎన్ని మైక్రాన్లో చూడాలి. పల్చని సంచి చిరిగి ఒకదానిలో ఒకటి పెట్టి రెండేసి వాడాల్సి వస్తే సగం ధరకు కొన్నది పూర్తి ధరకు కొన్నట్టే.

కొన్ని దుకాణాల్లో అర మీద చీటీలోనే యూనిట్ ధర చిన్న అక్షరాలతో ముద్రిస్తారు. ఇది మంచి ఏర్పాటే గాని, కొలత ఏమిటో చూడకుండా దాన్ని నమ్మకూడదు. ఒక రకానికి 100 గ్రాముల లెక్కన, పక్క రకానికి కిలో లెక్కన, మూడో దానికి ఒక్కొక్క దాని లెక్కన వేసి ఉండవచ్చు. తగ్గింపు ప్రకటించాక పాత చీటీ మార్చకుండా వదిలేసిన సందర్భాలు కూడా ఉంటాయి. చీటీ ఉన్నా ఒకసారి ఫోన్‌లో భాగించి చూసుకోవాలి, దానికి పట్టే సమయం ఎంతో కాదు.

పెద్ద ప్యాకు ఎప్పుడూ చవక అన్న నమ్మకం కూడా ఈ లెక్కతోనే సడలుతుంది. చాలాసార్లు పెద్దదే చవక కావచ్చు, కానీ మధ్య రకం మీద తగ్గింపు వేసిన రోజున పెద్దదానికి యూనిట్ ధర ఎక్కువ పడడం మీరే చూస్తారు.

తగ్గింపు మీద తగ్గింపు రాసి ఉన్నప్పుడు శాతాలను కూడకూడదు. 50 శాతం తగ్గించి ఆపై మరో 20 శాతం అంటే మొత్తం 70 శాతం కాదు, 60 శాతమే. 100లో 50 పోగా మిగిలిన 50లో 20 శాతం అంటే 10 మాత్రమే తగ్గుతుంది కాబట్టి 40 చెల్లించాలి. రెండు కొంటే ఒకటి ఉచితం అంటే మూడింటి మీద 33 శాతం తగ్గినట్టు. రెండోది సగం ధరకు అంటే రెండింటి మీద 25 శాతం తగ్గినట్టు. ఒక్కటే అవసరమైనవారికి ఈ రెండు పద్ధతుల్లోనూ తగ్గింపు ఏమీ లేదు.

కూపన్లు కత్తిరించి దాచేవారూ, పాయింట్ల కోసం యాప్‌లు నింపుకొనేవారూ ఈ లెక్కను శ్రమగా భావిస్తారు. వారి పద్ధతిని నేను ఒప్పుకోను. కూపన్ ఏ వస్తువుకు ఉంటే ఆ వస్తువు కొనవలసి వస్తుంది, అంటే మీ జాబితాను అమ్మేవారే రాస్తున్నారన్నమాట. యూనిట్ ధర తెలిసినవారికి ఏ కూపనూ లేకుండానే దుకాణంలోని ప్రతి అరా చదవడం వస్తుంది.

ధర ఎందుకు తగ్గిందో తెలుసుకోవాలి

లెక్కలో చవక అని తేలిన వస్తువును కూడా వెంటనే బుట్టలో వేయకండి. తగ్గించడానికి కారణం కనుక్కోండి. కంపెనీ ప్యాకింగ్ బొమ్మ మార్చింది, కాలం మారి దుప్పట్లు గాని ఫ్యాన్లు గాని మిగిలిపోయాయి, దుకాణం అవసరానికి మించి తెప్పించుకుంది, పై అట్టపెట్టె నలిగింది, ఇవన్నీ మంచి కారణాలే, ఎందుకంటే లోపలి వస్తువుకు ఏమీ కాలేదు. దుకాణం సొంత బ్రాండుకు ప్రచారం ఖర్చు తక్కువ కాబట్టి అది చవక కావడం సహజమే. గడువు దగ్గర పడడం కూడా తప్పేమీ కాదు, గడువులోగా వాడేయగలిగితే. ఏ కారణమూ కనిపించనప్పుడు, దుకాణంలో పనిచేసేవారిని అడిగినా తేలనప్పుడు ఆ వస్తువును వదిలేయాలి.

బ్యాటరీలలో ఈ జాగ్రత్త బాగా అవసరం. హెవీ డ్యూటీ అని గంభీరంగా రాసి ఉన్న చవక బ్యాటరీలు ఎక్కువగా జింక్ కార్బన్ రకానివి. గోడ గడియారానికీ రిమోట్‌కూ అవి సరిపోతాయి గాని, బొమ్మలకూ టార్చి లైట్లకూ వేస్తే త్వరగా నీరసించిపోతాయి. వాటికైతే ఆల్కలైన్ అన్న మాట ఉందో లేదో చూడాలి, ఏ రకానికైనా వెనక ముద్రించిన గడువు సంవత్సరం ఎంతో చూసి తీసుకోవాలి. బల్బు కొనేటప్పుడు వాట్లు చూసి సరిపెట్టుకోకండి. వాట్లు కరెంటు ఖర్చును చెబుతాయి, వెలుతురును చెప్పేవి ల్యూమెన్లు. రెండు బల్బులకు ల్యూమెన్లు సమానమైతే వాట్లు తక్కువ ఉన్నది ఎంచుకోవాలి. తువ్వాళ్లకు జీఎస్ఎం అంకె చూడాలి, అది ఒక చదరపు మీటరు గుడ్డ ఎన్ని గ్రాములు తూగుతుందో చెబుతుంది. ప్లాస్టిక్ బకెట్‌ను పిడి పట్టుకుని ఎత్తి, పిడి బకెట్‌లోకి దూరే రెండు చోట్లా బొటనవేలితో నొక్కి చూడండి. ఆ చోట ప్లాస్టిక్ తెల్లబారితే నీళ్లు నింపి వాడేటప్పుడు అక్కడే విరిగే అవకాశం ఉంది.

ఎక్స్‌టెన్షన్ బోర్డులు, ఛార్జర్లు, అడాప్టర్ల మీద భద్రతా ప్రమాణాల ముద్ర, తయారీదారు పేరు స్పష్టంగా లేకపోతే ఎంత చవకైనా కొనకూడదు. లోపలి తీగ సన్నగా ఉంటే వేడెక్కి మంటలు రేగే ప్రమాదం ఉంది. ఈ ఒక్క విషయంలో నేను యూనిట్ ధర కూడా చూడను.

ఎన్ని కొనాలి

ధర బాగుంది కదా అని అలమర నింపేయడం చాలామందికి గర్వంగా ఉంటుంది. పాడవని వస్తువైతే మూడు నెలలకు సరిపడా కొనాలి, అంతకు మించి కొనకూడదు. టిష్యూ, సబ్బు, చెత్త సంచులు నిలవ ఉంటాయి. బ్లీచ్ నిలవ ఉండదు. వేడికీ వెలుతురుకూ దాని బలం త్వరగా తగ్గిపోతుంది, నెలల తరబడి దాచిన సీసాలో వాసన ఉన్నా పని చేసే శక్తి మునుపటిలా ఉండదు. క్రీములూ లోషన్ల మీద తెరిచిన డబ్బా బొమ్మలో 6, 12 వంటి అంకె ఉంటుంది. తెరిచాక ఎన్ని నెలలలోగా వాడాలో అది చెబుతుంది. కాబట్టి పెద్ద సీసా కొనే ముందు అన్ని నెలల్లో అది అయిపోతుందా అని ఆలోచించాలి.

బిల్లు దగ్గర

అరల చివర పేర్చిన గుట్టలన్నీ తగ్గింపు సరుకు కాదు కాబట్టి అక్కడి నుంచి తీసుకున్న వాటి ధరలను ప్రత్యేకంగా గుర్తుంచుకోవాలి. తగ్గింపు చీటీ ఉన్న ప్రతి వస్తువు ధరను నోటు పుస్తకంలో రాసుకుని, బిల్లు వేసేటప్పుడు తెర మీద పడే అంకెతో సరిచూడాలి. చీటీ మీద ఒక ధర, కంప్యూటర్‌లో మరో ధర ఉండడం అరుదైన సంగతి కాదు. తేడా కనిపిస్తే డబ్బు కట్టక ముందే మర్యాదగా చెప్పాలి, అవసరమైతే చీటీ ఉన్న అర దగ్గరకు వారిని తీసుకువెళ్లి చూపించాలి. తగ్గింపు సరుకును వెనక్కు తీసుకుంటారో లేదో కూడా అప్పుడే అడిగి, బిల్లును నోటు పుస్తకంలో పెట్టుకోవాలి. ఇంటికి వచ్చాక ఆ బిల్లు చూసి, మూల ధర కంటే తక్కువకు దొరికిన ప్రతి వస్తువు ఎదురుగా కొత్త యూనిట్ ధరను తేదీతో సహా రాయండి. వచ్చేసారి పోల్చవలసింది ఆ అంకెతోనే.