క్రిస్మస్ సెలవులకు ప్రేమ సినిమాలు చూస్తారా? ఇలా చూడండి

ఈ సీజన్‌లో అందరూ ముందు 'లవ్ యాక్చువల్లీ' (2003) పెడతారు. బాగుంటుంది కానీ, హాల్లో అమ్మానాన్న, పిల్లలు ఉంటే వద్దు. మధ్యలో కొన్ని సీన్లకి రిమోట్ కోసం వెతుక్కోవాల్సి వస్తుంది.

ఇంటిల్లిపాదీ కూర్చుంటే 'వైల్ యూ వర్ స్లీపింగ్' (1995) పెట్టండి. షికాగోలో రైలు టోకెన్లు అమ్మే అమ్మాయిగా సాండ్రా బుల్లక్. అపార్థం వల్ల ఒక కుటుంబం ఆమెని కాబోయే కోడలనుకుంటుంది. మన ఇళ్లలో ఇట్టే కనెక్ట్ అయ్యే కథ.

నా ఓటు మాత్రం 'ది షాప్ అరౌండ్ ది కార్నర్' (1940)కే. బ్లాక్ అండ్ వైట్ అని దాటేయకండి, గంటా నలభై నిమిషాలే. బుడాపెస్ట్‌లో ఒకే కొట్లో పనిచేస్తూ రోజూ కీచులాడుకునే ఇద్దరు, తెలియకుండానే ఒకరికొకరు ప్రేమలేఖలు రాసుకుంటుంటారు. పోస్టాఫీసు పెట్టెలో ఆమె గ్లవ్ వేసుకున్న చెయ్యి ఉత్తరం కోసం తడుముతుంది, ఖాళీ. ఆ వెంటనే ఆ సందులోంచి ఆమె ముఖం కనిపిస్తుంది. ఆ సీన్లో డైలాగ్ ఒక్కటీ లేదు!

ఇది చూశాకే 'యూవ్ గాట్ మెయిల్' (1998) చూడండి. అదే కథ, ఉత్తరాల బదులు ఈమెయిళ్లు. సబ్‌టైటిల్స్ ఆన్ చేసుకోండి, పాతదాంట్లో మాటలు మహా స్పీడు.