కటి కండరాల వ్యాయామం మొదలుపెట్టే ముందు

దగ్గినా, తుమ్మినా, పొలంలో గంప ఎత్తినా మూత్రం చుక్కలు పడుతుంటే సిగ్గుతో దాచుకోవద్దు. పలాసలో జీడిపప్పు ఒలిచే అక్కకైనా, విజయనగరంలో ఉద్యోగం చేసే చెల్లికైనా కాన్పు తర్వాత ఇది రావచ్చు. మూత్రాశయాన్ని కింది నుంచి మోసే కటి కండరాలను బలపరచడానికి 1948లో డాక్టర్ ఆర్నాల్డ్ కెగెల్ వివరించిన వ్యాయామం ఇంట్లోనే చేయవచ్చు. మగవారికీ పనికొస్తుంది.

• మూత్రంలో రక్తం, మంట, జ్వరం, కింద ఏదో జారుతున్నట్టు బరువు ఉంటే ముందు డాక్టరును కలవండి. కొత్త బాలింతలు, మూత్రపు గొట్టం ఉన్నవారు అడగకుండా చేయవద్దు.

• మూత్రానికి వెళ్లొచ్చి మొదలుపెట్టండి.

• గ్యాసు ఆపుకొనేటప్పుడు బిగిసే కండరమే మనకు కావలసింది. పొట్ట, తొడలు, పిరుదులు బిగుస్తుంటే పద్ధతి తప్పినట్టే. ఊపిరి బిగబట్టవద్దు. మూత్రం పోస్తూ మధ్యలో ఆపడాన్ని వ్యాయామంగా చేసుకోవద్దు. మూత్రాశయం సరిగా ఖాళీ కాదు.

• 3 నుంచి 5 సెకన్లు బిగించి, మళ్లీ అంతే సేపు పూర్తిగా వదలండి. పదిసార్లు, రోజుకు మూడు పూటలు. ఈ వదలడాన్నే చాలామంది మరచిపోతారు. కొందరికి ఈ కండరాలు ముందే బిగుసుకుపోయి ఉంటాయి, వారికి బిగింపు హాని చేస్తుంది. నొప్పి వస్తే ఆపేయండి.

• చుక్కలు పడతాయని నీళ్లు మానవద్దు. ఉద్దానంలో కిడ్నీ జబ్బున్నవారు మాత్రం ఎంత తాగాలో డాక్టరునే అడగాలి. ఎవరో ఇచ్చిన పసరు మందు అసలే వద్దు.

• మలబద్ధకం ఉంటే ముక్కడం ఈ కండరాలను సాగదీస్తుంది. చోడి (రాగి) అంబలి, ఆకుకూరలు తినండి.

• మార్పు తెలియడానికి 6 నుంచి 12 వారాలు పడుతుంది.